కొలెస్ట్రాల్ కాని కొలెస్ట్రాల్!

రక్తపరీక్ష కాగితం మీద కనిపించేది ఒకే ఒక్క అంకె. దాని చాటున రకరకాల కొవ్వులు నక్కి ఉంటాయి. వాటిని విడదీసి కొలవడం చేతనయ్యాకే కొన్ని వింత జబ్బుల గుట్టు రట్టయింది. వాటిలో కొన్నింటికి మందూ దొరికింది... వేళకు కనిపెడితే!

వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకుల దగ్గరికి వచ్చారు. ఇద్దరిదీ ఒకటే సమస్య. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటి స్నాయువుల మీద గడ్డలు.

అలాంటి గడ్డల్ని చూడగానే వైద్యులకు తట్టేది వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. పుట్టుకతోనే చెడ్డ కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండి, నడివయసు రాకముందే గుండెపోటు తెచ్చిపెట్టే జబ్బది. ఎక్కువైన కొలెస్ట్రాలే మడమ వెనకా, వేళ్ల కణుపుల మీదా ముద్దలుగా పేరుకుంటుంది. సరే, రక్తం తీశారు. పరీక్ష చేశారు. కొలెస్ట్రాల్... మామూలుగానే ఉంది!

గడ్డలేమో కళ్ల ముందున్నాయి. కాగితమేమో అంతా బాగుందంటోంది. ఏది నమ్మాలి?

ఎ.కె.భట్టాచార్య, విలియం కానర్ అనే ఇద్దరు పరిశోధకులు కాగితాన్ని పక్కన పెట్టారు. రక్తంలోని కొవ్వుల్ని మొత్తంగా కాకుండా దేనికది విడదీసి కొలిచారు. కొలెస్ట్రాల్ పక్కనే మరో మూడు పదార్థాలు బయటపడ్డాయి. సైటోస్టెరాల్, కాంపెస్టెరాల్, స్టిగ్మాస్టెరాల్. మనిషి శరీరం తయారుచేసేవి కావవి. మొక్కల్లో ఉంటాయి. గింజల్లో, పప్పుల్లో, వంటనూనెల్లో ఉంటాయి. మనం రోజూ తింటూనే ఉంటాం. కానీ రక్తంలోకి రాకూడదు. ఆ అక్కాచెల్లెళ్లకు వచ్చేశాయి. గడ్డల్లోనూ చేరి కూర్చున్నాయి. 1974లో ‘జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్’లో ఆ వివరాలు అచ్చయ్యేదాకా అలాంటి జబ్బొకటుందని ప్రపంచానికి తెలియదు. దానికి సైటోస్టెరాలీమియా అని పేరు పెట్టారు.

తలల లెక్కే... ఊరు అడగరు

తిరునాళ్లలో గేటు దగ్గర నిలబడి ఎంతమంది లోపలికెళ్లారో లెక్కపెట్టే మనిషిని ఊహించుకోండి. అతనికి తలలే లెక్క. ఎవరిది ఏ ఊరని అడగడు. ల్యాబుల్లో మామూలుగా చేసే కొలెస్ట్రాల్ పరీక్షా అంతే. అందులో వాడే ఎంజైము కొలెస్ట్రాల్‌తో చర్య జరిపినట్టే మొక్కల స్టెరాల్స్‌తోనూ జరుపుతుంది. అన్నీ కలిపి ఒకే అంకెగా కాగితం మీదికి వస్తాయి.

నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఎందుకంటే మామూలు మనిషి రక్తంలో మొక్కల స్టెరాల్స్ కొలెస్ట్రాల్‌లో నూరో వంతు కూడా ఉండవు. రోజుకు సుమారు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా తిన్నా సరే. వచ్చిన వాటిని వచ్చినట్టే తిరిగి పేగులోకి నెట్టేసే పంపుల్లాంటి ప్రొటీన్లు పేగు గోడల్లో ఉన్నాయి. కాలేయంలోనూ ఉన్నాయి. వాటిని తప్పించుకుని ఒంటికి పట్టేది 5 శాతం లోపే. అయోవా అక్కాచెల్లెళ్లలో అది దాదాపు నాలుగో వంతు దాకా ఉంది. ఆ పంపుల్ని తయారుచేసే రెండు జన్యువుల్ని 2000 సంవత్సరంలో గుర్తించారు. వాటి పేర్లు ఏబీసీజీ5, ఏబీసీజీ8. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పాడైన ప్రతి వస్తేనే జబ్బు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఇదే సైటోస్టెరాల్‌ను 1950ల్లో అమెరికాలో కొలెస్ట్రాల్ తగ్గించే మందుగా అమ్మారు. ఇప్పటికీ మొక్కల స్టెరాల్స్ కలిపిన వెన్నలాంటి పదార్థాలు ‘గుండెకు మంచివి’ అనే పేరుతో విదేశీ దుకాణాల్లో దొరుకుతాయి. పేగులో కొలెస్ట్రాల్‌కు చోటు దక్కకుండా చేస్తాయి కాబట్టి చాలామందికి అవి నిజంగానే దాన్ని కొంత తగ్గిస్తాయి. ఈ జబ్బున్న వాళ్లకు మాత్రం అదే విషం.

చిన్నపిల్లల్లో ఇది మరోలా మోసం చేస్తుంది. రిపోర్టులో కొలెస్ట్రాల్ అమాంతం పెరిగి కనిపిస్తుంది. వంశపారంపర్య కొలెస్ట్రాల్ అనుకుని స్టాటిన్ మందులిస్తే పెద్దగా ఫలితం ఉండదు. ఒంట్లో తయారీని తగ్గించడం స్టాటిన్ల పని. ఇక్కడ తప్పు జరుగుతున్నది తయారీలో కాదు, తిన్నదాన్ని లోపలికి రానివ్వడంలో. నెయ్యి మానేసి నువ్వుల నూనె వాడమనే మంచి సలహా కూడా ఈ పిల్లల విషయంలో ఎదురు తిరుగుతుంది. నువ్వుల్లో, తవుడు నూనెలో మొక్కల స్టెరాల్స్ దండిగా ఉంటాయి మరి. కొందరిలో జబ్బు ముందుగా రక్తకణాల మీద పడుతుంది. ప్లేట్‌లెట్లు ఉబ్బి పెద్దవవుతాయి, సంఖ్య తగ్గుతుంది. ఎర్రకణాలు చితికిపోయి రక్తహీనత వస్తుంది. దాంతో ఏళ్ల తరబడి రక్తసంబంధ వ్యాధి అనుకునే వైద్యం చేసిన సందర్భాలున్నాయి.

అసలు సంగతి తెలిశాక చికిత్స చూస్తే కష్టమైనదేం కాదు. ఆహారంలో కొలెస్ట్రాల్‌నూ, మొక్కల స్టెరాల్స్‌నూ రెండింటినీ తగ్గించాలి. పేగుల్లోంచి స్టెరాల్స్‌ను పీల్చుకోకుండా అడ్డుకునే ఎజెటిమైబ్ బిళ్ల వేసుకోవాలి. 2002లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు ఇప్పుడు మన మందుల దుకాణాల్లోనూ దొరుకుతుంది.

కొవ్వుల పరుగుపందెం

ఇంతకీ ఒక బొట్టు రక్తంలో కలగాపులగంగా ఉన్న కొవ్వుల్ని విడదీసేదెలా?

ఈ కథకు ఆద్యుడు ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రెల్. సబ్బులు, కొవ్వొత్తుల్లోని కొవ్వు మీద పనిచేసి స్టియరిక్, ఒలియిక్ లాంటి కొవ్వు ఆమ్లాలను వేరుచేసింది ఆయనే. పిత్తాశయంలోని రాళ్లలో దొరికే తెల్లటి పదార్థానికి 200 ఏళ్ల కిందట ‘కొలెస్టరిన్’ అని పేరుపెట్టిందీ ఆయనే. గ్రీకులో కొలే అంటే పిత్తం, స్టీరియోస్ అంటే గట్టిది. ఆయన 102 ఏళ్లు బతికాడు. అన్నేళ్లు బతికినా, రక్తంలో ఏ కొవ్వు ఎంతుందో విడివిడిగా చెప్పే సాధనం మాత్రం చూడలేదు.

అది 1952లో వచ్చింది. బ్రిటన్‌లో జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు కొవ్వు ఆమ్లాల్ని ఆవిరి చేసి, ఒక గొట్టంలోంచి పంపి వేరుచేయవచ్చని చూపించారు. అదే గ్యాస్ క్రోమటోగ్రఫీ. ఇప్పుడు వాడే గొట్టం సాధారణంగా 30 మీటర్ల పొడవుంటుంది. లోపలి రంధ్రం పావు మిల్లీమీటరు. గాజుల కట్టలా చుట్టచుట్టి పొయ్యిలాంటి పెట్టెలో పెడతారు. రక్తాన్ని గిర్రున తిప్పి కణాల్ని కిందికి దించేస్తారు. పైన మిగిలిన ప్లాస్మాలోంచి కొవ్వును రాబట్టి, తేలిగ్గా ఆవిరయ్యేలా రసాయనాలతో మార్చి గొట్టంలోకి వదులుతారు. హీలియం వాయువు వాటిని తోసుకుంటూ పోతుంది. తేలికైనవి ముందు బయటపడతాయి. బరువైనవీ, గొట్టం గోడను అంటిపెట్టుకునేవీ వెనకబడతాయి. ఒక్కో పదార్థం గమ్యం చేరినప్పుడల్లా గ్రాఫు మీద ఒక శిఖరం లేస్తుంది. శిఖరం ఎప్పుడు లేచిందో చూస్తే అదేమిటో తెలుస్తుంది. ఎంత పెద్దగా లేచిందో చూస్తే ఎంతుందో తెలుస్తుంది. చివర్లో మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలిస్తే అణువుల బరువు కూడా తూచి ఖరారు చేస్తుంది.

ఆ తూకం ఎంత సున్నితమో చూడండి. కొలెస్ట్రాల్‌కూ సైటోస్టెరాల్‌కూ తేడా రెండు కార్బన్ పరమాణువుల చిన్న తోక. కొలెస్ట్రాల్‌కు రెండు హైడ్రోజన్లు చేరిస్తే కొలెస్టనాల్. రెండు తీసేస్తే 7-డీహైడ్రోకొలెస్ట్రాల్. ఈ రెండోది మన చర్మంలో ఎండ తగిలి విటమిన్-డి అయ్యే పదార్థమే. కానీ అది కొలెస్ట్రాల్‌గా మారే చివరి మెట్టు దగ్గరే ఆగిపోయి రక్తంలో నిండిపోతే, బిడ్డ కాలివేళ్లు అతుక్కుని, ఎదుగుదల లేకుండా పుడుతుంది. స్మిత్-లెమ్లి-ఒపిట్జ్ సిండ్రోమ్ అనే ఆ జబ్బును 1964లోనే వర్ణించారు. కారణం తెలిసింది మాత్రం 1993లో, రక్తంలోని స్టెరాల్స్‌ను విడదీసి చూశాకే. మామూలు పరీక్షలో ఆ పిల్లలకు కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించడమో, ఒక్కోసారి మామూలుగా ఉన్నట్టనిపించడమో జరుగుతుంది.

అన్నట్టు, కొవ్వుల కొలతలో మన తెలుగువాడి చేయీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫాస్ఫరస్ ఉండే కొవ్వుల్ని కొలవడానికి దాన్నే కాస్త మార్చి ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా వాడుతూ వచ్చారు.

అంకె దిగింది... బాబు లేవలేదు

కొవ్వుల కొలత సినిమా కథ అయిన సందర్భం కూడా ఒకటుంది.

లోరెంజో ఓడోన్ 1978 మే 29న పుట్టాడు. తండ్రి ఆగస్టో ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్త. తల్లి మికేలా భాషాశాస్త్రం చదివింది. హుషారైన పిల్లాడు. ఐదారేళ్ల వయసులో ఉన్నట్టుండి మారిపోయాడు. పట్టరాని కోపం. చెప్పింది వినపడనట్టు ఉండటం. నడుస్తూ తూలడం. బడిలో అల్లరి అనుకున్నారు, చెవి సమస్య అనుకున్నారు. 1984లో అసలు పేరు బయటపడింది... అడ్రినోల్యూకోడిస్ట్రఫీ. పొట్టిగా ఏఎల్‌డీ. మరో రెండేళ్లకు మించి బతకడన్నారు వైద్యులు.

ఆ పేరైనా అంత తొందరగా దొరకడానికి కారణం, అంతకు మూడేళ్ల ముందు వచ్చిన ఒక రక్తపరీక్ష. మనం తినే నూనెల్లో, నెయ్యిలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ భాగం 16, 18 కార్బన్ల గొలుసులు. ఏఎల్‌డీతో చనిపోయిన పిల్లల మెదడులో, అడ్రినల్ గ్రంథుల్లో మాత్రం 24, 26 కార్బన్ల పొడవాటి గొలుసులు మోతాదుకు మించి ఉన్నాయని 1976లో తేలింది. చనిపోయాక తెలిసి ఏం లాభం? బతికున్న పిల్లాడి రక్తంలో అవి కనిపిస్తాయా? బాల్టిమోర్‌లోని కెన్నెడీ ఇన్‌స్టిట్యూట్‌లో హ్యూగో మోజర్ బృందం అదే వెతికింది. కనిపిస్తాయని 1981లో ప్రకటించింది. ఉండేది మైక్రోగ్రాముల్లోనే. అయినా 26 కార్బన్ల ఆమ్లం ఈ పిల్లల్లో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. 22 కార్బన్ల ఆమ్లంతో దాన్ని పోల్చి నిష్పత్తి చూస్తే అనుమానానికి తావుండదు.

కారణం ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఏబీసీడీ1 అనే జన్యువు. పొడుగు గొలుసుల్ని కణంలోని చెత్త చితక్కొట్టే గదిలోకి పంపే వాకిలి దాని పని. వాకిలి మూసుకుపోతే గొలుసులు పేరుకుపోతాయి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులా నరాల మీద ఉండే మైలిన్ పొర కొందరు పిల్లల్లో కాలిపోయినట్టు కరిగిపోతుంది. చూపు, వినికిడి, మాట, నడక... ఒక్కొక్కటే ఆరిపోతాయి. తల్లి జన్యువును మోస్తుంది, కొడుక్కి జబ్బొస్తుంది. ప్రతి కొడుకుకీ సగం సగం అవకాశం.

ఓడోన్ దంపతులు వైద్యులు కారు. గ్రంథాలయాల్లో కూర్చుని జీవరసాయన శాస్త్రం చదివారు. శాస్త్రవేత్తల్ని ఒకచోట చేర్చి సదస్సు పెట్టించారు. పొడుగు గొలుసులున్న ఆహారం మాన్పిస్తే అంకె దిగలేదు. ఎందుకంటే వాటిని శరీరమే తయారుచేసుకుంటోంది. అప్పుడో ఉపాయం తట్టింది. పొడుగు గొలుసుల్ని తయారుచేసే ఎంజైముకు వేరే పని పెడితే? ఒలియిక్ ఆమ్లం, ఎరుసిక్ ఆమ్లం ఇస్తే ఎంజైము వాటితో తీరిక లేకుండా ఉంటుంది. ఎరుసిక్ ఆమ్లం అంటే ఆవనూనెలో ఉండేదే. అలాగని ఆవనూనె తాగిస్తే సరిపోదు, శుద్ధమైన ఆమ్లం కావాలి. ఇంగ్లండ్‌కు చెందిన డాన్ సడబీ అనే వయసు మళ్లిన రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేసి ఇచ్చాడు. నాలుగు పాళ్లు ఒలియిక్ నూనె, ఒక పాలు ఎరుసిక్ నూనె. అదే ‘లోరెంజో ఆయిల్’. కొన్ని వారాల్లోనే రక్తంలో 26 కార్బన్ల అంకె మామూలు స్థాయికి దిగింది!

1992లో వచ్చిన ‘లోరెంజోస్ ఆయిల్’ సినిమా చూసినవాళ్లు అక్కడితో పిల్లాడు బాగైపోయాడనుకున్నారు. నిజం అంత తీయగా లేదు. రక్తంలో అంకె దిగింది గానీ అప్పటికే పోయిన మైలిన్ తిరిగి రాలేదు. లక్షణాలు మొదలైన పిల్లల్లో నూనె జబ్బును ఆపలేదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. పైగా కొందరికి ప్లేట్‌లెట్లు తగ్గాయి. లక్షణాలింకా రాని 89 మంది మగపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2005లో మోజర్ బృందం ఒక నివేదిక ఇచ్చింది. అంకెను బాగా తగ్గించుకోగలిగిన వాళ్లలో మెదడు దెబ్బతినడం తక్కువగా ఉందన్నది దాని సారాంశం. నూనె తీసుకోని పిల్లలతో పక్కపక్కన పెట్టి పోల్చలేదు కాబట్టి దాని మీద వాదన ఇప్పటికీ తెగలేదు.

లోరెంజో మాత్రం వైద్యుల లెక్కను తప్పించాడు. మంచం మీదే, చూపూ మాటా లేకుండా, కంటిరెప్పలు కదిపో వేళ్లు ఆడించో తన మనసు తెలిపేవాడు. 2000లో తల్లి పోయింది. 2008 మే 30న, 30వ పుట్టినరోజు మర్నాడు, అతనూ కన్నుమూశాడు.

ఏఎల్‌డీకి పనికొచ్చిన చికిత్స మరోటి. 1990లో ఫ్రాన్స్‌లో పాట్రిక్ ఆబోర్గ్ బృందం, జబ్బు తొలిదశలో ఉన్న ఎనిమిదేళ్ల బాబుకు అతని కవల సోదరుడి ఎముకమజ్జ ఎక్కించింది. మెదడులో జబ్బు ఆగిపోయింది, కనిపించిన లక్షణాలు వెనక్కి తగ్గాయి. అయితే ఒకటే షరతు. స్కానింగ్‌లో మార్పు చిన్నగా ఉన్నప్పుడే చేయాలి. పిల్లాడు తూలుతూ ఆసుపత్రికి వచ్చేసరికి సాధారణంగా ఆలస్యమైపోతుంది. అంటే, జబ్బు రాకముందే జబ్బుందని తెలియాలి!

పచ్చగడ్డి... గుమ్మపాలు... నెయ్యి

నార్వే నాడీవైద్యుడు సిగ్వాల్డ్ రెఫ్సుమ్ 1940ల్లో కొన్ని కుటుంబాల్లో ఒక వింత జబ్బు చూశాడు. మొదట రేచీకటి. వాసన తెలియకపోవడం. తర్వాత కాళ్లూచేతుల్లో పట్టు తగ్గడం, తూలడం, చెవుడు, చేప పొలుసుల్లా చర్మం. వంశపారంపర్యం అన్నదొకటే అర్థమైంది.

1963లో జర్మనీ శాస్త్రవేత్తలు క్లెంక్, కాల్కె ఇలాంటి రోగి శరీర కణజాలంలోని కొవ్వుల్ని విడదీస్తే, ఒక కొవ్వు ఆమ్లం కుప్పలుగా కనిపించింది. అదే ఫైటానిక్ ఆమ్లం. మామూలు మనుషుల రక్తంలో అది లేశమాత్రం. ఈ రోగుల రక్తంలోని మొత్తం కొవ్వు ఆమ్లాల్లో 5 నుంచి 30 శాతం దాకా అదే ఉండొచ్చు.

ఇంతకీ ఎక్కణ్నుంచి వచ్చింది? పచ్చగడ్డి నుంచి! ఆవు, గేదె, మేక గడ్డి మేస్తాయి. గడ్డికి రంగునిచ్చే పత్రహరితానికి ఫైటాల్ అనే తోక ఉంటుంది. నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు ఆ తోకను కత్తిరిస్తాయి. అది ఫైటానిక్ ఆమ్లమై పశువు కొవ్వులోకీ, పాలలోకీ చేరుతుంది. మీగడ, వెన్న, నెయ్యి, మాంసం కొవ్వు... అన్నింట్లోనూ ఉంటుంది. మనందరి ఒంట్లో దాన్ని కరిగించే ఎంజైము ఉంది కాబట్టి ఆవకాయలో నెయ్యి కలుపుకున్నా పట్టింపు లేదు. రెఫ్సుమ్ జబ్బున్న వాళ్లకు ఆ ఎంజైము లేదు. నెయ్యి చుక్క చుక్కా నరాల్లో నిల్వ పడిపోతుంది.

కనుక వైద్యం వంటింట్లోనే. రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా లోపలికి వెళ్లే ఫైటానిక్ ఆమ్లాన్ని 10 లోపుకు తేవాలి. తొలిరోజుల్లో ఆకుకూరలు కూడా మాన్పించేవారు, ఆకుపచ్చదనమే మూలం కదా అని. మనిషి పేగు ఆ తోకను కత్తిరించలేదని తెలిశాక ఆకుకూరలకు విముక్తి కలిగింది. ఇంకో చిక్కుంది. ఈ రోగులు కటిక ఉపవాసాలు చేయకూడదు, గబగబా బరువు తగ్గకూడదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగితే అందులోని ఫైటానిక్ ఆమ్లమంతా ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. బరువు తగ్గమనే సలహా ఇచ్చేముందు వైద్యుడికి ఈ జబ్బు సంగతి తెలిసి ఉండాలన్నమాట. ఆహారంతో నరాల నొప్పులూ, తూలడమూ, చర్మమూ మెరుగుపడతాయి. పోయిన చూపు మాత్రం రాదు.

పిల్లాడికి శుక్లాలేంటి?

ఎక్కువ బాధపెట్టే కథ ఇంకోటుంది. పలకడానికి నోరు తిరగని పేరు... సెరెబ్రోటెండినస్ జాంథొమటోసిస్. వైద్యులు సీటీఎక్స్ అంటారు. 1937లో బెల్జియం వైద్యుడు వాన్ బోగార్ట్, ఇద్దరు సహచరులు కలిసి దీనిపై పుస్తకం రాశారు.

పసితనంలో ఎంతకీ తగ్గని విరేచనాలు. బడికెళ్లే వయసులో కంటి శుక్లాలు. కౌమారంలోనో ఆ తర్వాతో మడమ వెనక గడ్డ. ముప్ఫైల్లోకి వచ్చేసరికి మతిమరుపు, నడకలో తడబాటు, మూర్ఛలు, మానసిక సమస్యలు. ఒక్కో దశలో ఒక్కో డాక్టరు. విరేచనాలకు పిల్లల డాక్టరు, శుక్లానికి కంటి డాక్టరు, గడ్డకు సర్జన్, మూర్ఛకు నరాల డాక్టరు. ఎవరి పని వారు సక్రమంగానే చేస్తారు. నాలుగు ముక్కల్నీ కలిపి చూసేవారుండరు. కొలెస్ట్రాల్ పరీక్ష చేయిస్తే మామూలే. ఏళ్లకేళ్లు గడిచిపోతాయి.

రక్తంలో అసలు దొంగ కొలెస్టనాల్. రెండు హైడ్రోజన్ల తేడా అనుకున్నామే, అదే. రోగుల మెదడులో అది పేరుకుంటోందని 1968లో గుర్తించారు. కాలేయం కొలెస్ట్రాల్‌ను పిత్తామ్లంగా మార్చే దారిలో ఒక ఎంజైము లేదని తర్వాత తేలింది. పిత్తామ్లం చాలడం లేదన్న సంకేతంతో కాలేయం ఇంకా ఇంకా సరుకు తయారుచేస్తుంది. అది దారితప్పి కొలెస్టనాల్ అవుతుంది. అయితే లోపించిన పిత్తామ్లాన్నే మందుగా ఇస్తే? అమెరికాకు చెందిన జెరాల్డ్ సేలెన్ బృందం అదే చేసింది. అప్పట్లో పిత్తాశయం రాళ్లు కరిగించడానికి వాడే కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లమే ఆ మందు. షెవ్రెల్ కొలెస్ట్రాల్‌కు పేరుపెట్టింది పిత్తాశయం రాళ్ల వల్లే, మందు వచ్చిందీ వాటికోసమే! రోజుకు 750 మిల్లీగ్రాముల చొప్పున ఏడాదికి పైగా వాడిన 17 మంది రోగుల ఫలితాలు 1984లో వెలువడ్డాయి. రక్తంలో కొలెస్టనాల్ పడిపోయింది. మతి తప్పిన వాళ్లలో చాలామంది తేరుకున్నారు.

ఇంత చవకైన పాత మందు కూడా అరుదైన జబ్బుది అయ్యేసరికి ధరకు రెక్కలొచ్చాయి. ఐరోపాలో ఒక కంపెనీ ధరను ఎన్నో రెట్లు పెంచేస్తే, 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక ఆసుపత్రి తన రోగుల కోసం మందును తనే తయారు చేసుకుంది. 2021లో నెదర్లాండ్స్ పోటీ నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి జరిమానా విధించింది. అమెరికాలో ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా ఈ మందుకు అనుమతి వచ్చింది 2025లోనే. 1984కూ 2025కూ మధ్య 41 ఏళ్లు!

మేనరికం ఇంట్లో

సైటోస్టెరాలీమియా, రెఫ్సుమ్, సీటీఎక్స్, స్మిత్-లెమ్లి-ఒపిట్జ్... ఏఎల్‌డీ తప్ప మిగతావన్నీ తల్లిదండ్రులిద్దరూ పాడైన జన్యువును మోస్తేనే వచ్చేవి. దగ్గరి చుట్టరికం ఉన్న ఇద్దరిలో ఒకే పాడైన జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. అలా కలిస్తే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామనూ, మేనబావనూ చేసుకోవడం మన తెలుగిళ్లలో ఇంకా పోలేదు. కాబట్టి ఎక్కడో నార్వే కథో, అయోవా కథో అని కొట్టిపారేయడానికి లేదు.

హైదరాబాద్‌లో నాలుగు ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18 వేల మందికి పైగా శిశువుల రక్తాన్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. పుట్టుకతో వచ్చే జీవక్రియల లోపాలు దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉన్నట్టు అందులో తేలింది. అందులో చూసినవి వేరే జబ్బులు, ఈ కొవ్వుల జబ్బులు కావు. అయినా, ‘అరుదు’ అనే మాటను కలిపి లెక్కవేస్తే ఎంతవుతుందో చెప్పడానికి ఆ అంకె చాలు.

అలాగని ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా స్టెరాల్స్ పరీక్ష, కొవ్వు ఆమ్లాల పరీక్ష అంటూ ల్యాబుల వెంట పడటం డబ్బు దండగ. మామూలు గుండెజబ్బు ముప్పు తెలుసుకోవడానికి మామూలు లిపిడ్ ప్రొఫైలే చాలు. కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా మడమ వెనక గడ్డ పెరుగుతుంటే, పిల్లాడికి శుక్లాలూ తగ్గని విరేచనాలూ రెండూ ఉంటే, రేచీకటికి వాసన తెలియకపోవడం తోడైతే మాత్రం ఆ ముక్కల్ని ఒకే డాక్టరు ముందు పెట్టాలి. బాగా చదివే కొడుకు అకారణంగా వెనకబడుతూ, ఎండకు తిరగకపోయినా ఒళ్లు నల్లబడుతుంటే అదీ అంతే. ఏఎల్‌డీలో అడ్రినల్ గ్రంథి దెబ్బతిన్నప్పుడు ఒంటి రంగు అలా మారుతుంది. పరీక్షకూ కొన్ని పరిమితులున్నాయి. ఏఎల్‌డీ జన్యువును మోసే ఆడవాళ్లలో 15 నుంచి 20 శాతం మందికి రక్తంలో పొడుగు గొలుసులు మామూలుగానే కనిపిస్తాయి. వాళ్లకు జన్యుపరీక్షే దారి.

జబ్బు రాకముందే తెలియాలన్న చిక్కుకు జవాబు ఇప్పుడు శిశువు మడమలో ఉంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో మడమకు సూది గుచ్చి, అట్టలాంటి కాగితం మీద నాలుగు చుక్కల రక్తం ఆరబెడతారు. ఆ ఎండు చుక్కలోంచే 26 కార్బన్ల కొవ్వును కొలిచే పద్ధతి వచ్చింది. 2013 చివర్లో న్యూయార్క్ రాష్ట్రం పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష మొదలుపెట్టింది. 2016లో అమెరికా జాతీయ జాబితాలో చేరింది. నెదర్లాండ్స్‌లో 2023 నుంచి మగశిశువులకు చేస్తున్నారు. మన దేశంలో ఏఎల్‌డీ కోసం అందరు శిశువులకూ ఇలాంటి పరీక్ష లేదు. అంకె ఎక్కువగా వచ్చిన పిల్లలకు మొదటి నుంచీ అడ్రినల్ పరీక్షలు, క్రమం తప్పకుండా మెదడు స్కానింగ్‌లు చేస్తుంటారు. అందరికీ మెదడు జబ్బు రాదు. దాదాపు మూడింట ఒక వంతు మగపిల్లలకు చిన్నతనంలో వస్తుంది. తొలి మచ్చ కనిపించగానే మజ్జ మార్పిడికి సిద్ధమవుతారు.

ఒక శిశువు దొరికాక వైద్యులు ఆ ఇంటి వంశవృక్షం గీస్తారు. అమ్మ వైపు ఎవరెవరున్నారని అడుగుతారు. ఎక్కడో ఒక మేనమామ తేలతాడు. ముప్ఫైల్లోనే కాళ్లు బిగుసుకుపోయి, కర్ర పట్టుకుని నడుస్తున్నవాడు, వేరే ఏదో నరాల జబ్బని ఏళ్లుగా మందులు మింగుతున్నవాడు. పెద్దయ్యాక వెన్నుపాము మీద దెబ్బకొట్టే ఏఎల్‌డీ రూపం అది. మేనల్లుడి మడమ నుంచి తీసిన నాలుగు చుక్కల పుణ్యమా అని మేనమామ జబ్బుకు పేరు దొరుకుతుంది.